ఒక సున్నా తక్కువ

రాత్రి పదకొండున్నరకి
జారిపోయిన సున్నా ఒకటి నా కంటబడింది.
ఓవర్‌లాక్ మిషను, మోటారుతో సహా,
పద్దెనిమిది వందల తొంభై.
వాషర్‌మెన్‌పేటలో మా సందు చివరి కొట్లో
అదే మిషను పద్దెనిమిది వేల తొమ్మిది వందలు.
ఆరు నెలలుగా ఆ కొట్టు ముందు నించి పోతున్నాను
అప్పిచ్చినవాళ్ళ గడప ముందు పోయినట్టు,
తల తిప్పుకుని.

వేలు వణికింది. నొక్కాను.
ఫోనుకొచ్చిన ఆరంకెలూ కొట్టాను.
"దేశమ్మ గారూ, మీ ఆర్డరు ఖాయమైంది" అంది తెర.
నన్ను గారూ అని ఎవరైనా పిలిచి ఎన్నాళ్ళయిందో.

అప్పటికప్పుడే బియ్యం డ్రమ్ము వాకిట్లోకి దొర్లించాను.
మిషనుకి చోటు కావాలిగా.
టేపు పెట్టి కొలిచాను, ఇరవై నాలుగంగుళాలు,
గోడ వైపు రెండు వేళ్ళ సందు.
ఎదురింటి కన్నియప్పన్ దగ్గు ఆపుకుని
"ఎన్నక్కా, ఇల్లు మారుతున్నావా?" అన్నాడు.

పొద్దున కుక్కరు మూడో కూతకి ఇంకో మెసేజి.
ఈసారి గారూ లేదు.
ధర పొరపాటున పడిందట, ఆర్డరు రద్దట,
డబ్బు ఏడు పని దినాల్లో వస్తుందట.
(నా పని దినాలు ఆదివారంతో కలిపి వారానికి ఏడు.
వాళ్ళ లెక్క వేరు.)
చింతిస్తున్నాం అంటూ వంద రూపాయల కూపను,
వెయ్యి దాటి కొంటేనే చెల్లేది.

ఇక్కడొకటి చెప్పాలి.
నాలుగేళ్ళ కింద, షావుకారుపేట సేఠాణీ జాకెట్టు.
అద్దాల పని, చేతులకి జరీ.
ఎనిమిది వందల యాభై రాయాల్సింది
మూడు వందల యాభై రాశాను.
ఒళ్ళు కాలిపోతోంది ఆ రోజు,
ఎనిమిది సగం విరిగి మూడులా పడింది.
ఆవిడ చీటీ విప్పి బల్ల మీద పెట్టింది.
ఏమీ అనలేదు. ఆ అంకె మీద వేలు ఆనించింది, అంతే.
మూడు వందల యాభైయే తీసుకున్నాను.
రాసింది నా చెయ్యే కదా.
ఆ రాత్రి నన్ను నేను తిట్టుకున్నాను గానీ
జాకెట్టు వెనక్కి లాక్కోలేదు.

కాబట్టి వెళ్ళాను.
వినియోగదారుల కమిషన్, రెండో అంతస్తు,
లిఫ్టుకి అంటించిన కాగితం: పనిచేయదు.
అర్జీ అరవంలో రాసిపెట్టింది
మా చెల్లెలి కోడలు తామరై.
ఖాయమైందన్న మెసేజిని మాత్రం
రంగుల్లో ప్రింటు తీయించాను, పది రూపాయలు ఎక్కువైనా.

కంపెనీ లాయరు కుర్రాడు. కోటు భుజం దగ్గర వదులు,
అరంగుళం లోపలికి పట్టాలి.
"పద్దెనిమిది వేల వస్తువు పద్దెనిమిది వందలకంటే
మీకు అనుమానం రాలేదా అమ్మా?"

వచ్చింది.
వచ్చిందనే చెప్పాను.
తామరై నా మోచెయ్యి గిల్లింది.
వచ్చింది బాబూ. కానీ ఆడి నెలంతా
తొంభై శాతం తగ్గింపు, ఈ ఒక్క రాత్రే, త్వరపడండి అని
నా దిండు కింద కొట్టుకున్నది ఎవరి గంట?
ఏ తొంభై నిజమో, ఏ తొంభై పొరపాటో
గుర్తేమైనా పెట్టారా?
పోయినేడు రంగు తప్పి దారాలు తెప్పించుకుని
వాపసు తీసుకోండయ్యా అంటే
షరతులు చదువుకోలేదా అన్నది మీరే.

అతను కాగితాలు సర్దుకున్నాడు.
పదిహేడో షరతు చదివాడు:
సరుకు బండెక్కేదాకా ఖాయం ఖాయం కాదట.
"మరి ఖాయమంటే ఏమిటండీ?"
మధ్య కుర్చీలో ఆవిడ కళ్ళద్దాలు తీసి అడిగింది.
అతను గడువు కోరాడు.

డబ్బు తొమ్మిదో రోజున వచ్చింది, పైసాతో సహా.
ఇంకెందుకక్కా తిరగడం అంటాడు కన్నియప్పన్.
మిషను కోసం కాదంటే అబద్ధం.
మిషను కోసమే.
ఆ ఐదు వందల కోసం కూడా,
నేను అడగకుండా వదిలేసిన ఆ ఐదు వందలు.

వాయిదా పధ్నాలుగుకి పడింది.
ఆ రోజే ఎనిమిది జాకెట్లు ఇవ్వాలి.
బియ్యం డ్రమ్ము ఇంకా వాకిట్లోనే ఉంది.
వాన పడితే గోనె కప్పుతున్నాను.